పరదా ఆదేశం మొదట ఎవరికి?

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) వారిపై శాంతి, శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! తాండూరు, వికారాబాద్‌ల నుండి మన ఆడబిడ్డలు హిజాబ్ ధరించి బస్సుల్లో, రైళ్లలో చదువులకు వెళ్తున్నారు. వారి వస్త్రం గురించి మాట్లాడేవారు మనలో ఎందరో. ఆ ఆదేశమున్న సూరహ్ నూర్‌ను తెరిచి చూసేవారు కొందరే. 31వ ఆయత్ విశ్వాసినులను ఉద్దేశించినది. దానికి ముందున్న 30వ ఆయత్ ఎవరిని ఉద్దేశించినది? మనల్నే. పురుషులు చూపులు దించుకోవాలి, శీలాన్ని కాపాడుకోవాలి అన్నది అక్కడి ఆజ్ఞ. ఆ రెండు ఆజ్ఞలనే స్త్రీలకూ ఇచ్చిన తరువాతే ఖిమార్ ప్రస్తావన వస్తుంది.

ఖిమార్ అంటే తలను కప్పే వస్త్రం. అరబ్బు స్త్రీలకు అది కొత్త కాదు. అయితే దాని కొనలను వీపు మీదికి వదిలేసేవారని వ్యాఖ్యాతలు రాశారు. ఆ వస్త్రాన్నే వక్షస్థలంపై కప్పుకోమని ఆయత్ ఆదేశించింది. మన కందిచేలలో, నాపరాయి పాలిషింగ్ యూనిట్లలో పనిచేసే స్త్రీలు, ఏ మతంవారైనా, ఎండకూ దుమ్ముకూ తలకు గుడ్డ చుట్టుకుంటారు. విశ్వాసిని అదే గుడ్డను అల్లాహ్ ఆజ్ఞగా ధరిస్తే అది ఆరాధన అవుతుంది. నల్లరంగే ఉండాలని ఆయత్‌లో లేదు. రంగు కోసం పోట్లాడే పెద్దలు గమనించగలరు.

హజ్జతుల్ విదా సందర్భంగా ఖస్‌అమ్ తెగ యువతి ఒకరు దైవప్రవక్త (స) వద్దకు వచ్చారు. వృద్ధుడైన తన తండ్రి వాహనంపై నిలదొక్కుకోలేరనీ, ఆయన తరఫున తాను హజ్ చేయవచ్చా అనీ అడిగారు. ప్రవక్త వెనుక కూర్చున్న ఫజ్ల్ బిన్ అబ్బాస్ (రజి) ఆమె వైపు చూడసాగారు. ప్రవక్త (స) తమ చేత్తో ఫజ్ల్ ముఖాన్ని పక్కకు తిప్పారు. ఆమెను వెళ్లిపొమ్మనలేదు. చేయవచ్చని జవాబిచ్చారు.

తాండూరు దాటితే కర్ణాటక. ఆ రాష్ట్రంలోని ఉడుపిలో 2021 చివర ఒక ప్రభుత్వ కళాశాలలో హిజాబ్ వివాదం మొదలైంది. 2022 మార్చి 15న అక్కడి హైకోర్టు ఆంక్షను సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ భిన్నమైన తీర్పులిచ్చారు. వారిలో జస్టిస్ సుధాంశు ధూలియా అన్నిటికన్నా ముందు ఆలోచించినది ఆడపిల్లల చదువు గురించే.

అక్కడ గేటు వద్ద ఆపినవారు ఇతరులు. ఇక్కడ, కుర్రాళ్లు చూస్తున్నారన్న కారణంతో ఇంటర్‌తోనే బిడ్డ చదువు మాన్పించే తండ్రులు మన సఫ్‌లలోనే ఉన్నారు. ఇది ఫజ్ల్‌ను చూడనిచ్చి, ప్రశ్న అడగవచ్చిన ఆమెను తిప్పి పంపడం వంటిది. అలా మాన్పించినవారు ఆ బిడ్డను మళ్లీ చేర్పించండి. మీ కుమారులు సాయంత్రం పూట బస్టాండులో ఎందుకు నిలబడుతున్నారో ఈ రోజే అడగండి.

అఖూలు ఖౌలీ హాజా, వ అస్తగ్‌ఫిరుల్లాహ లీ వలకుమ్.