సగటు చెప్పని సంగతి



చక్కెర జబ్బు మన మారిషస్‌కు కొత్త కాదు. 1987లో ఈ దీవిలో జరిగిన సర్వే భారత సంతతివారిలోను, క్రియోలులలోను, చైనీయులలోను ఈ వ్యాధి హెచ్చుగా ఉన్నదని తేల్చింది. అయినా మనం దీనిని ఇంటి గుట్టుగానే దాచుకుంటున్నాం.

వేలు గుచ్చి చేసే పరీక్ష ఆ నిమిషపు సంగతే చెబుతుంది. ఆస్పత్రిలో చేసే హెచ్‌బీఏ1సీ పరీక్ష రెండు మూడు నెలల సగటు చెబుతుంది. భోజనానంతరం పెరిగిన చక్కెర, తెల్లవారుజామున పడిపోయిన చక్కెర కలిసి సగటు చక్కగానే కనిపించవచ్చు. ప్రమాదం ఆ సగటు చాటున ఉంటుంది.

ఆ లోటు తీర్చేదే నిరంతర గ్లూకోజ్ పరికరం. దీనికి మూలమైన ఎంజైమ్ ఎలక్ట్రోడ్‌ను క్లార్క్, లియాన్స్ అనే శాస్త్రజ్ఞులు 1962లో వివరించారు. నేడు బిళ్లంత పరికరాన్ని జబ్బకు అంటించుకుంటే, దాని సన్నని తీగ చర్మం కింది ద్రవంలోని చక్కెరను కొలిచి, కొద్ది నిమిషాలకొకసారి ఫోనుకు అంకె పంపుతుంది. చాలా రకాలు పది, పదిహేను రోజులు పనిచేస్తాయి.

2019 నాటి అంతర్జాతీయ నిపుణుల సూచన ప్రకారం, పెద్దవారిలో చాలామందికి రోజులో 70 శాతం, అనగా సుమారు 17 గంటలు, చక్కెర 3.9 నుండి 10 మిల్లీమోల్ మధ్య ఉండాలి. వృద్ధులకు సగం రోజు దాటితే చాలును, కాని 3.9 కంటె తగ్గే కాలం పావుగంట మించరాదు. వారికి పడిపోవడమే ఎక్కువ భయం.

ఇది మన పండుగలకు సంబంధించిన మాట. ఇన్సులిన్ తీసుకునే పెద్దలు ఉపవాసముండి రాత్రంతా రామభజనంలో కూర్చుంటారు. చెమటలు, వణుకు, తడబాటు కనిపిస్తే ఉపవాసపు నీరసమే అనుకుంటాం. పరికరమైతే ముందే గంట మోగిస్తుంది.

దీనికీ హద్దులున్నాయి. రక్తంలోని మార్పును కొన్ని నిమిషాలు ఆలస్యంగా చూపుతుంది. ఆ చేతిమీద ఒత్తిగిలి పడుకుంటే లేని తగ్గుదల చూపవచ్చు. ఒంటి తీరుకు అంకె సరిపడనప్పుడు వేలు గుచ్చి చూడాలి. ఖరీదూ తక్కువ కాదు. కనుక ఇన్సులిన్ వాడేవారికి ముందుగా అవసరం.

పరికరం ఉన్నా లేకున్నా, ఉపవాసానికి ముందు వైద్యుని సలహా అడుగుదాం. మన జబ్బు సంగతి పక్కన కూర్చున్నవారికి చెబుదాం. భజన జరిగేచోట దీపంతోపాటు చక్కెర నీళ్లు కూడ సిద్ధంగా ఉంచుదాం.