గాజు సీసాల శుద్ధి: ఇంటి పద్ధతులు – ఒక తులనాత్మక పరిశీలన
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

డెబ్బయి ఐదేండ్లుగా పురసవాక్కంలో తెలుగు అక్షరాన్ని నిలుపుకొని వచ్చిన పాఠశాల పండుగనాడు చర్చకు వచ్చిన విషయం చిన్నదిగా తోచవచ్చు. ఒక గాజు సీసాను, ఒక పరీక్షనాళికను ఇంట్లోనే నిజంగా క్రిమిరహితం చేయడం సాధ్యమా? సాధ్యమైతే ఏ పద్ధతి మేలు? విజ్ఞాన ప్రదర్శన కోసం బూజు పెంచే విద్యార్థికీ, పసిబిడ్డ పాలసీసా కడిగే తల్లికీ ఈ ప్రశ్న ఒకటే.

పాత తరంవారికి వైద్యుని గదిలోని ఒక దృశ్యం సుపరిచితమే. స్టీలు పెట్టెలో గాజు సిరంజి, సూది సలసల కాగే నీటిలో మునిగి ఉండేవి. మరిగితే అంతా శుద్ధమే అన్న నమ్మకం ఆనాడు బలంగా ఉండేది. అయితే మరిగించడం అరకొరగా సాగితే ఏమవుతుందో ఈజిప్టు దేశం చవిచూసింది. 1950ల నుంచి 1980ల ఆరంభం వరకు అక్కడ నత్తల ద్వారా వ్యాపించే ఒక పరాన్నజీవి వ్యాధికి ఊరూరా సూదిమందు ఇచ్చారు. సరిగా శుద్ధి కాని గాజు సిరంజీల వల్ల హెపటైటిస్ సి కాలేయవ్యాధి లక్షలాది మందికి సోకింది. మేలు తలపెట్టిన చేతులే కీడును పంచాయి. మన నగరంలో 1986లో మద్రాసు వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ సునీతి సోలొమన్ బృందం దేశంలో తొలిసారిగా హెచ్.ఐ.వి.ని గుర్తించిన తరువాత, సూది విషయంలో జాగ్రత్త మరింత పెరిగింది. ఒకసారి వాడి పారవేసే సిరంజీలు క్రమంగా గాజు సిరంజీల స్థానాన్ని ఆక్రమించాయి.

ముందుగా మూడు మాటల మధ్య భేదం తెలియాలి. కడిగి మురికిని తొలగించడం శుభ్రత. హాని చేసే క్రిములలో అధికభాగాన్ని చంపడం క్రిమినాశనం. జీవమున్నది ఏదీ, చివరకు సిద్ధబీజం కూడా, మిగలకుండా చేయడం క్రిమిరహితం చేయడం. 1914లో ప్రారంభమైన కీల్పాక్ జలశుద్ధి కేంద్రం నగరానికి చేసిన ఉపకారం అపారం. అయినా కొళాయి నీరు తాగడానికి యోగ్యమైనంత మాత్రాన క్రిమిరహితం కాదు. ఏ పద్ధతికైనా తొలిమెట్టు మాత్రం కడగడమే. సబ్బునీటితో, కుంచెతో తోమని సీసాలో జిడ్డుపొర క్రిములకు కవచమై నిలుస్తుంది.

మొదటి పద్ధతి మరిగించడం. సముద్రమట్టంలో ఉన్న చెన్నైలో నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. ఉదకమండలంలో సుమారు 93 డిగ్రీలకే మరుగుతుంది. ఆ వేడికి సాధారణ బాక్టీరియా నశిస్తాయి గాని, కొన్ని జాతుల సిద్ధబీజాలు గంటల తరబడి తట్టుకొంటాయి. ఎండుగడ్డి కషాయంతో ప్రయోగాలు చేసిన ఐరిష్ శాస్త్రవేత్త జాన్ టిండాల్ 1877లో దీనికొక ఉపాయం చెప్పాడు. ద్రవాన్ని వరుసగా కొన్ని రోజులు, రోజుకొకసారి వేడిచేస్తే, నడుమ మొలకెత్తిన బీజాలు మరుసటి వేడికి చస్తాయి. అయితే మొలకెత్తడానికి ఆహారం కావాలి. ఖాళీ సీసాలో ఆహారం లేదు గనుక అక్కడ ఈ ఉపాయం పనిచేయదు. పాలసీసాకు మరిగించడం చాలును, ప్రయోగానికి చాలదు.

రెండవది ప్రెషర్ కుక్కర్. 1679లో డెనిస్ పాపిన్ కనిపెట్టిన ఆవిరిపాత్రకు, సరిగ్గా రెండు వందల ఏండ్ల తరువాత, 1879లో పాశ్చర్ సహచరుడు షార్ల్ షాంబర్లాండ్ ప్రయోగశాల రూపమిచ్చాడు. అదే ఆటోక్లేవ్. చదరపు అంగుళానికి 15 పౌండ్ల అదనపు పీడనంలో ఆవిరి 121 డిగ్రీలకు చేరుతుంది. ఆ స్థితిలో 15 నుంచి 20 నిమిషాలలో సిద్ధబీజాలు సైతం నశిస్తాయి. ఇంటి కుక్కరు బరువు దాదాపు ఇంతే పీడనానికి అమర్చి ఉంటుంది. కాని ఈలలు లెక్కించడం శాస్త్రం కాదు. బరువు పెట్టకముందు ఆవిరి ధారగా వెలువడి లోపలి గాలినంతా తరిమివేయాలి. గాలి మిగిలితే వేడి తగ్గుతుంది. సీసాల మూతలు వదులుగా ఉండాలి; అవి నీటిలో మునగక పళ్లెం మీద నిలవాలి. పీడనం పూర్తిగా అందుకొన్న తరువాతనే కాలం లెక్కించాలి. అరగంట ఉంచితే సురక్షితం. దింపిన తరువాత దానంతట అదే చల్లారాలి; తొందరపడి మూత తీస్తే సీసాలోని ద్రవం పొంగిపోతుంది.

మూడవది పొడివేడి. ఓవెన్‌లో 160 డిగ్రీల వద్ద రెండు గంటలు, లేదా 170 వద్ద ఒక గంట కావాలి. ఆవిరికి 20 నిమిషాలు చాలినప్పుడు పొడిగాలికి ఇంత సమయమెందుకు? ఇడ్లీపాత్ర మూత తీసిన గృహిణికి సమాధానం తెలుసు. గాజుపై నీరై పేరుకొనే ప్రతి గ్రాము ఆవిరి సుమారు 540 కెలోరీల వేడిని అక్కడ దింపుతుంది. పైగా తడిలో మాంసకృత్తులు గుడ్డులోని తెల్లసొనవలె త్వరగా గడ్డకడతాయి. పొడివేడి ఖాళీ గాజుకు, లోహానికి తగినది. రబ్బరు మూతకు, ద్రవాలకు పనికిరాదు. బోరోసిలికేట్ గాజు వేడికి వ్యాకోచించడం మామూలు గాజులో మూడో వంతు మాత్రమే. మామూలు సీసా హఠాత్తుగా చల్లబడితే పగులుతుంది.

రసాయనాలలో 70 శాతం ఆల్కహాలు 95 శాతం కంటె సమర్థం; మాంసకృత్తులను చెరచడానికి కొంత నీరు అవసరం. అయినా అది సిద్ధబీజాలను చంపదు, పైగా మంటకు దగ్గర చుట్టం. బ్లీచింగు ద్రావణం బల్లలు తుడవడానికి మంచిదే గాని లోహాన్ని తింటుంది. ఆమ్లంతో కలిస్తే క్లోరిన్ విషవాయువు వెలువడుతుంది. మైక్రోవేవ్ వేడి అన్నిచోట్లా సమంగా ఉండదు. పొడిగాజు అందులో సరిగా వేడెక్కదు. ఎండ ఆరబెట్టడానికి చాలును, అంతకు మించి నమ్మరాదు.

కనుక ఇంటికి, చిన్న పాఠశాలకు ప్రెషర్ కుక్కరే ఉత్తమం, ఓవెన్ ద్వితీయం, మరిగించడం తృతీయం. ఈ తీర్పును విద్యార్థి స్వయంగా పరీక్షించవచ్చు. ఒకే పప్పుకట్టును మూడు సీసాలలో పోసి, దూదిబిరడా పెట్టి, ఒకదానిని కుక్కరులో ఉంచి, ఒకదానిని మరిగించి, మూడవదానిని అట్లే విడిచి, వారం రోజులు గమనిస్తే చాలు. కలక ఎక్కడ పుట్టిందో కన్ను చెబుతుంది. పరీక్ష ముగిశాక బిరడాలు తీయకుండానే అన్నింటినీ మళ్లీ కుక్కరులో ఉడికించి పారబోయాలి. ఆ కుక్కరు వంటకు వాడరాదు. పెద్దలు దగ్గర ఉండాలి.

ఒక హద్దు మాత్రం దాటరాదు. ఇంట్లో శుద్ధి చేసిన సీసా సూదిమందుకు గాని కంటిమందుకు గాని ఎన్నటికీ తగదు. చచ్చిన బాక్టీరియా విడిచిన కొన్ని విషపదార్థాలు 121 డిగ్రీలకు కూడా నశించవు, నెత్తురులో చేరితే జ్వరం తెస్తాయి. వాటిని గాజు మీద నిర్మూలించడానికి 250 డిగ్రీల పొడివేడి కావాలి. అది కర్మాగారాల పని.

భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని అమెరికా పరిశోధనాలయం నుంచి 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. మట్టిలోని ఒక్క సూక్ష్మజీవిని వేరుచేసి పెంచడం వల్లనే అది లభ్యమైంది; పాత్ర క్రిమిరహితం కానిచో ఆ వేరుచేయడమే అసాధ్యం. గొప్ప ఆవిష్కరణకు తొలి అడుగు శుద్ధమైన సీసా. పాఠశాల ప్రయోగశాలలో ఒక కుక్కరు, ఒక గడియారం, ఫలితాలు ఉన్నవున్నట్లు రాసే ఒక పుస్తకం ఉంటే ఆ అడుగు పురసవాక్కంలోనూ పడుతుంది. శతవార్షికోత్సవం నాటికి ఆ పుస్తకం నిండాలని ఆకాంక్ష.