మంటను నిలబెట్టే తలుపు
(సూరత్‌లో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సూరత్‌లో అగ్ని ప్రమాదాల గురించి మాట్లాడేటప్పుడు 2019 మే 24వ తేదీని తలచుకోక తప్పదు. సర్థాణా ప్రాంతంలోని తక్షశిల ఆర్కేడ్‌లో మంటలు లేచి, పైఅంతస్తు కోచింగ్ క్లాసులో ఉన్న 22 మంది విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. దిగే దారి లేక పిల్లలు కిందికి దూకడం దేశమంతా టీవీల్లో చూసింది. ఆ వయసు పిల్లలు మన ఇళ్లలోనూ ఉన్నారు. ఒక్క తలుపు ఉంటే అందరూ బతికేవారని నేను అనను. కాని మెట్లదారిలోకి మంట, పొగ రాకుండా ఆపడం ఎంత ముఖ్యమో ఆ రోజు తెలిసింది. ఫైర్ డోర్ చేసేది ఆ పనే.

నౌకాదళంలో పనిచేసిన సోదరులకు ఇది కొత్త కాదు. ఓడలో ఒక గదిలో మంట లేస్తే తలుపులు బిగించి, దాన్ని అక్కడే కట్టడి చేస్తారు.

చెక్కే కాలిపోతుంది కదా, అది మంటనెలా ఆపుతుందండీ అని మీరడగవచ్చు. దళసరి చెక్క ఒక్కసారిగా కాలదు. పైన బొగ్గు పొర కట్టి, ఆ పొరే లోపలి చెక్కను కొంతసేపు కాపాడుతుంది. బలహీనత అంతా అంచుల్లోనే ఉంటుంది. అందుకని తలుపుకూ ద్వారబంధానికీ మధ్య ఒక పట్టీ అమర్చుతారు. వేడి తగిలితే అది ఉబ్బి సందును పూడ్చేస్తుంది.

మన దేశంలో ఫైర్ డోర్లకు ఐ.ఎస్. 3614 ప్రమాణం ఉంది. పరీక్షలో తలుపును ద్వారబంధం, బందులు, తాళంతో సహా కొలిమికి బిగిస్తారు. కొలిమి వేడి అరగంటకు సుమారు 840 డిగ్రీలకు, గంటకు 945 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. అవతలి వైపుకు మంట రాకూడదు. సందు దగ్గర దూది పెడితే అంటుకోకూడదు. వేడిని కూడా ఆపాలన్న తలుపైతే, అవతలి ముఖం వేడి సగటున 140 డిగ్రీలకు మించి పెరగకూడదు. ఎన్ని నిమిషాలు తట్టుకుంటే అంత రేటింగ్.

ఇక్కడొక మాట గుర్తుంచుకోవాలి. సర్టిఫికెట్ వట్టి చెక్కకు కాదు, పరీక్షించిన మొత్తం సెట్టుకు. వడ్రంగి అంచు చిత్రిక పట్టి పట్టీ తీసేసినా, వేరే బందులు వేసినా, అద్దం కోసం కన్నం కోసినా ఆ కాగితానికి విలువ లేదు.

మనలో చాలామంది రిటైరయ్యాక మిల్లుల్లో, మాల్స్‌లో, అపార్ట్‌మెంట్లలో సెక్యూరిటీ బాధ్యతలు చూస్తుంటారు. వారికి నా మనవి ఒక్కటే. రౌండ్లకు వెళ్లినప్పుడు ఈ తలుపులనూ చూడండి. వదలగానే దానంతటదే మూసుకుంటోందా? పట్టీ ఉందా? లోపలినుంచి తాళంచెవి లేకుండా తెరుచుకుంటోందా? గాలి కోసమని ఎవరైనా ఇటుక అడ్డుపెట్టారా? ఇటుక పెట్టిన ఫైర్ డోరు ఉన్నా లేనట్టే. కాపలా కాసే జవాను నిద్రపోయినట్టే.