కాళహస్తి తెరను చదువు విధము

(బామ్నిలో జరిగిన తెలుగువారి సభలో చేసిన ప్రసంగము)



గోడపై వ్రేలాడుచున్న తెరను మీరు వచ్చినది మొదలు చూచుచునే యున్నారు. నడుమ శ్రీరామ పట్టాభిషేకము. చుట్టును వరుసలుగా రామాయణ కథ. ఇది శ్రీకాళహస్తి కలంకారీ. మా తాతగారి కాలమునుండి మా యింట నున్నది. పండుగనాడు దీనికి హారతి యిచ్చి మరల పెట్టెలో పెట్టుటయే మేమెరిగిన పని. మ్రొక్కితిమి గాని యేనాడును చదువలేదు. ఆ లోపమును నేడు మీ యెదుట నొప్పుకొనుచున్నాము.

మొదట పనితనమును చూడుడు. బట్టలు కొలిచి అమ్మువారము గనుక అది మాకు దగ్గరి విషయము. నూలుబట్టను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో తడిపి ఆరవేయుదురు. పాలలోని జిడ్డు వలన సిరా ప్రాకదు. ఇనుపముక్కలను బెల్లపు నీట దినములకొద్ది ఊరవేయగా వచ్చినదే సిరా. వెదురు కలమునకు ఉన్ని చుట్టి, అందు ముంచి గీయగా, కరక్కాయతో కలిసి గీత నల్లబడును. ఆ గీతయే బొమ్మకు ప్రాణము. రంగులు తరువాత వచ్చును.

ఇక చరిత్రను చూడుడు. కథ అయోధ్యది, కిరీటములు, చీరకట్టు, స్తంభములు మాత్రము మన దక్షిణాదివి. 16వ శతాబ్దమున విజయనగర ప్రభువుల కాలమందు వ్రాసిన లేపాక్షి చిత్రములను చూచినవారికి ఈ పోలిక తెలియును. చిత్రకారుడు తన వారెరిగిన రాజసభనే రామునకు కట్టియిచ్చెను.

మచిలీపట్నమున ఇదే విద్య వేరు దారి పట్టెను. అచట గోలకొండ సుల్తానుల అభిరుచియు, పారసీక దేశపు బేరమును బలమైనవి. 1611లో ఆంగ్లేయులు అచట వర్తకశాల పెట్టిరి. అందుచే పూలు, తీగెలు, చెట్లు పెరిగినవి. అచ్చుల వాడుక హెచ్చెను. కాళహస్తిలో పని చేయించుకొన్నవి దేవాలయములు. అందుచే దేవుడును కథయు నిలిచిరి. కొనువాని కోరికను బట్టి సరకు మారునని వర్తకులకు వేరుగ చెప్పనక్కరలేదు. కొనువారు తగ్గి ఈ విద్య సన్నగిల్లినప్పుడు, కమలాదేవీ చట్టోపాధ్యాయగారి పూనికతో 1957లో కాళహస్తిలో శిక్షణకేంద్రము వెలసెను.

తుదకు బొమ్మల వెంట నున్న పట్టీలను చూడుడు. అవి తెలుగు అక్షరములు. ఏ ఘట్టము ఏదియో అక్షరము వచ్చినవాడు చదువును, రానివాడు ప్రక్కవాని నోట వినును. అట్టి సంఘము కొరకు వ్రాసిన తెర ఇది. మొన్న మా దుకాణమునకు వచ్చిన మన బాలుడొకడు ఆ పట్టీని చూపి, “ఈ నక్షీ ఎవరు వేసిరి?” అని మరాఠీలో అడిగెను. మన లిపి వానికి అలంకారపు గీతగా తోచినది! ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

వార్ధానది కావలి రాజురా 1956 వరకు ఆదిలాబాదు జిల్లాలోనిదే. సరిహద్దులు మారినను మన యిండ్లలో తెలుగు మాట నిలిచినది. అక్షరము మాత్రము జారిపోవుచున్నది. మరాఠీ చదువు మన పిల్లలకు అన్నము పెట్టును. దానిని విడువుమనుట లేదు. ఆదివారము ఒక గంట చాలును. ఈ తెరను ఇకమీదట పెట్టెలో పెట్టము. మా దుకాణము వెనుక గదిలో వ్రేలాడదీయుదుము. పిల్లవానికొక పట్టీ చొప్పున చదివింతము. పెద్దలు ఆ ఘట్టమును చెప్పుదురు గాక. మీ యిండ్లలో ఇట్టి పాత పటములున్న యెడల, ఎవరు తెచ్చిరో, ఎచటనుండి తెచ్చిరో వ్రాసి యుంచుడు. చెప్పగల పెద్దలు ఉండగానే ఆ పని జరుగవలెను.

వచ్చే ఆదివారము ఉదయము తొమ్మిది గంటలకు పిల్లలను పంపుడు. ఆ బాలునకు మొదటి పట్టీ.