మల్లరంగమున అగ్రతాంబూల వివాదము

జయాపజయములు ముందుగనే నిర్ణీతములైన కుస్తీపోటీలలో ఏ సంస్థ శ్రేష్ఠమని బ్రిటన్‌లోని అభిమానులు వాదించుకొనుట వింతగా తోచవచ్చును గాని, కథ ఎరిగిన నాటకమునకే ఏ సమాజమువారు బాగుగ ఆడుదురని మనవారును తగవులాడుకొనిన సంగతి మఱువరాదు.

1955లో ఆరంభమై 1988లో ఆగిపోయిన ఐటీవీ ప్రసారములతో శనివారపు అపరాహ్ణములందు ఇంటింటను వెలసిన ఈ వినోదము, ఆ ఆశ్రయము తొలగిన పిమ్మట చిన్న సంస్థల పోషణముననే నిలిచినది. గ్లాస్గోలో 2006లో పుట్టిన ఐసీడబ్ల్యూ, వయోజనులకే తగిన మోటు హాస్యముతో జనులను ఆకర్షించి, 2016 నవంబరున హైడ్రో మందిరమునకు ఆఱువేలకు పైబడిన ప్రేక్షకులను రప్పించెను. లండనులోని ప్రోగ్రెస్, క్యామ్డెన్ సంగీతశాలలో నిలుచుండి కేకలువేయు యువజనమునే తన బలముగా చేసికొని, 2018లో వెంబ్లీ అరీనా వఱకు ఎగబ్రాకెను. రెవ్‌ప్రో యన్ననో, ముష్టియుద్ధములకు పేరొందిన యార్క్ హాలును నెలవుగా గైకొని, న్యూ జపాన్ సంస్థ మల్లులను రావించి, పట్టువిడుపుల నైపుణ్యమునకే పెద్దపీట వేసెను. అమెరికా దేశపు డబ్ల్యూడబ్ల్యూఈ తన బ్రిటిష్ శాఖకై మేటి మల్లులను ఒప్పందములతో కట్టివేయగా ఈ సంస్థలన్నియు కొంత వెలవెలబోయినవి.

ఈ వాగ్వాదములలో 1970 నాటి ఆల్ స్టార్ పేరు అరుదుగా వినవచ్చుట అన్యాయము. సముద్రతీరపు విడిదులలో పిల్లలయెదుట ఊరూర ప్రదర్శనలిచ్చు సంస్థ యది. విద్యకు రెవ్‌ప్రో, సందడికి ఐసీడబ్ల్యూ మిన్న; అగ్రతాంబూలము మాత్రము, నా మతమున, ప్రసారములు ఆగినను ప్రదర్శనలు ఆపని ఆల్ స్టార్‌కే చెల్లును.