సాలార్లు మనకొద్దు

(అనంతపురంలో విద్యార్థి, ఉద్యోగ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన సమావేశంలో ఒక తమ్ముడు లేచి ఆవేశంగా మాట్లాడినాడు. ‘ఎంతకాలమన్నా ఈ ధర్నాలు, ఈ వినతిపత్రాలు? బంద్ అంటే సగం అంగళ్లు తెరిచే ఉంటాండాయి. మనకూ ఒక సేన ఉండాల. డ్రెస్సుండాల, టోపీ ఉండాల. మండలానికొక కమాండర్, డివిజనుకొక చీఫ్ ఉండాల. అప్పుడు గానీ భయం పుట్టదు’ అన్నాడు. హాలంతా చప్పట్లు. దాచుకోవడమెందుకు, చప్పట్లు కొట్టినవాళ్లలో మేమూ ఉన్నాం. ఇంటికిపోయినాక నిద్ర పట్టలేదు. భయం పుట్టాలన్నాడు కదా, ఎవరికి పుట్టాలి? సగం తెరిచిన ఆ అంగడి మనూరి కోమటి శెట్టిది, లేదా పంక్చర్లు వేసే మనూరి సాయిబుది. సీమకు నీళ్లు రాకుండా చేసినవాళ్లెవరూ అనంతపురంలో అంగడి పెట్టుకోలేదు.

ఈ డ్రెస్సు, టోపీ, కమాండర్ సంగతి మనం కనిపెట్టింది కాదు. ముందు ఇటలీ చూద్దాం. అక్కడ ముస్సోలినీ 1922 అక్టోబరులో అధికారంలోకి వచ్చినాడు. అంతకుముందు నుంచే ఆయన వెంట నల్లచొక్కాల మూకలు ఉన్నాయి. రైతు సంఘాల ఆఫీసులు తగలబెట్టడం, కూలీ నాయకులను పట్టి ఆముదం తాగించడం వాళ్ల పని. పేరుకు దేశభక్తులు, ఖర్చు పెట్టింది భూస్వాములు. 1923లో ఈ మూకకు ప్రభుత్వ ముద్ర వేసి జాతీయ భద్రత స్వచ్ఛంద మిలిషియా అని పేరు పెట్టినారు. స్వచ్ఛంద అనే మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

దాని కట్టుబడి అంతా మూడు లెక్క. మూడు స్క్వాద్రాలు కలిస్తే ఒక మానిపొలో. మూడు మానిపొలోలు ఒక చెంతూరియా. మూడు చెంతూరియాలు ఒక కొఓర్తె. మూడు కొఓర్తెలు ఒక లెజియోనె. అంటే ఒక లెజియోనెలో 81 స్క్వాద్రాలు. స్క్వాద్రా తప్ప మిగతా పేర్లన్నీ రెండువేల ఏళ్లనాటి రోమన్ సైన్యానివి. అట్టడుగున ఉన్నవాణ్ణి ‘నల్లచొక్కా’ అనే పిలిచేవాళ్లు, వాడికి చొక్కానే హోదా. వాడి మీద కాపొస్క్వాద్రా, ఆపైన కాపొమానిపొలో, చెంతురియోనె, సెనియోరె, కొన్సొలె. పనిలేక పస్తులున్న కుర్రాడిని, యుద్ధం నుంచి తిరిగొచ్చి దిక్కుతోచని సిపాయిని పట్టుకుని ‘నువ్వు చెంతురియోనెవి’ అంటే వాడి రొమ్ము ఎంత పొంగి ఉంటుందో మన జిల్లాలో డిగ్రీ చదివి బెంగళూరులో వాచ్‌మెన్ ఉద్యోగం చేసేవాడికి విడమరిచి చెప్పనక్కరలేదు. కూడు పెట్టలేనివాడు హోదా పెడతాడు. హోదాకు ఖర్చు తక్కువ.

వీళ్ల విశ్వాసం ఎవరి మీద? 1924 జూన్‌లో పార్లమెంటులో ఎదురు నిలిచిన సోషలిస్టు సభ్యుడు మత్తెయోత్తిని ఎత్తుకుపోయి చంపినారు. దేశమంతా అట్టుడికినాక, ఆ అక్టోబరులో గానీ మిలిషియా చేత రాజుకు విధేయత ప్రమాణం చేయించలేదు. అంటే దాదాపు రెండేళ్లు ప్రభుత్వ ఖజానా డబ్బు తింటూ ఆ సైన్యం ఒక మనిషికి కట్టుబడి ఉందన్నమాట. 1926 నుంచి ముస్సోలినీయే దానికి అధిపతి.

ఇక మన దగ్గరికొద్దాం. మనం దత్తమండలాలవాళ్లం. 1800లో నిజాం మనల్ని ఇంగ్లీషువాళ్లకు ధారపోసినాడు కాబట్టి రజాకార్లను మన తాతలు తమ ఊళ్లలో చూడలేదు. కానీ దూరమెంత? మన హెచ్చెల్సీ కాలువకు నీళ్లొచ్చే తుంగభద్రే ఆనాడు సరిహద్దు. 1945 ఫిబ్రవరి 28న ఆ ఆనకట్టకు అటుగట్టున నిజాం పెద్దకొడుకు, ఇటుగట్టున మద్రాసు గవర్నరు శంకుస్థాపన చేసినారు. మూడున్నరేళ్లకు అదే నది మీది వంతెనను భారత సైన్యం పట్టుకుంది. ఆ మధ్యకాలంలో నది దాటి బళ్లారి, కర్నూలు వైపు తలదాచుకోను వచ్చిన కుటుంబాలెన్నో.

నిజాం ఫాసిస్టు కాదు కదా, రాజు కదా అని మాస్టార్లు అడగొచ్చు. నిజమే. గద్దె మీద ఉన్నది ఏడుతరాల రాచరికం. కానీ ఆ రాచరికం చివరి రోజుల్లో ఒక పార్టీ, ఆ పార్టీకొక సైన్యం, ఆ సైన్యానికొక మనిషి ప్రభుత్వాన్నే పక్కకు నెట్టినారు. దానికి ఏ పేరు పెట్టుకున్నా పని అదే.

రజాకార్ అంటే స్వచ్ఛంద సేవకుడు. అదే మాట! మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ నాయకుడు బహదూర్ యార్ జంగ్ 1938లో వాలంటీర్ల దళంగా మొదలుపెట్టినాడు. 1944లో ఆయన పోయినాడు. 1946లో లాతూరు వకీలు కాసిం రజ్వీ చేతికి సంస్థ వచ్చినాక దాని రూపం మారింది. కవాతులు, ఖాకీ, ఆయుధాలు. చిన్న సాలార్, పెద్ద సాలార్ అని దొంతరలు. సగీర్ అంటే చిన్న, కబీర్ అంటే పెద్ద, సాలార్ అంటే దళపతి. పేరు చెబితే చాలు, ఎవరు ఎవరికి సలాం కొట్టాలో తెలిసిపోయేది. ప్రమాణంలో ఇత్తెహాద్, హైదరాబాద్‌లతోపాటు నాయకుడి కోసమూ ప్రాణమిస్తామనే మాట ఉంది. వాళ్లు రెండు లక్షల మంది అని చెబుతారు గానీ మంచి తుపాకులున్నవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్లకు నాటు తుపాకులు, కత్తులు, బల్లేలు.

వాళ్లు మొదట ఎవరి మీదికి పోయినారు? 1947 అక్టోబరు 27న భారత ప్రభుత్వంతో ఒప్పందానికి ఢిల్లీ బయలుదేరాల్సిన నిజాం సొంత ప్రతినిధుల ఇళ్లనే చుట్టుముట్టినారు. ప్రయాణం ఆగింది, ప్రధాని ఛత్తారీ నవాబు తప్పుకున్నాడు, మీర్ లాయక్ అలీ వచ్చినాడు. అంటే సేనను పెంచిన ప్రభువే ముందుగా దాని చేతిలో బందీ అయినాడు. తర్వాత పల్లెలు. 1948 జనవరి 10న బీబీనగర్‌లో జరిగిన దోపిడీ కేసులో రజ్వీకే శిక్ష పడింది. ఆగస్టు 27న బైరాన్‌పల్లి. ఆ ఊరిమీద దాడికి రజాకార్లూ, నిజాం బలగాలూ కలిసిపోయినాయి. విసునూరు దేశ్‌ముఖ్ లాంటి హిందూ దొరలు రజాకార్లతో చేతులు కలిపిన సంగతి మన ప్రసంగాల్లో ఎవరూ ఎత్తరు. దొరకు కావలసింది మతం కాదు, భూమి.

పత్రికలవాళ్లం కాబట్టి ఒక్క సంగతి దగ్గర కాస్త ఆగుతాం. షోయబుల్లా ఖాన్ ఇమ్రోజ్ అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు. వయసు మాకంటే తక్కువ. రజాకార్ల దళాలను రద్దుచేయాలని, హైదరాబాద్ భారత్‌లో కలవాలని ముస్లిం ప్రముఖులు ఏడుగురు ఇచ్చిన ప్రకటనను అచ్చు వేసినాడు. 1948 ఆగస్టు 21 రాత్రి పని ముగించుకుని ఇంటికి పోతుంటే దాడిచేసి, రాసే చేతిని నరికినారు. తెల్లారేసరికి ప్రాణం పోయింది. చంపించినవాళ్లు ముస్లిముల పేరు చెప్పుకున్నవాళ్లు, చచ్చినవాడు ముస్లిం. సేన అనేది బయటి శత్రువు కోసం పుడుతుంది, ఇంట్లో ‘కాదు’ అన్నవాడి దగ్గరికి ముందు పోతుంది.

సెప్టెంబరు 13న సైన్యం కదిలితే 17కల్లా నిజాం లొంగిపోయినాడు. రజ్వీ జైల్లో పడి, 1957లో విడుదలై పాకిస్తాన్ పోయినాడు. సాలార్లు ఖాకీ విప్పేసి జనంలో కలిసిపోయినారు. ఇటలీలోనూ అంతే. 1943 జూలై 25న ముస్సోలినీని అరెస్టు చేస్తే, ఆయన కోసం చావడానికే పుట్టిన మిలిషియా కదల్లేదు. మరి లెక్క ఎవరు కట్టినారు? పండిత్ సుందర్‌లాల్ కమిటీ మరాఠ్వాడా, కర్ణాటక, తెలంగాణ జిల్లాలు తిరిగి, పోలీసు చర్య సమయంలో, తర్వాత చచ్చిపోయిన ముస్లింలు 27 వేల నుంచి 40 వేల మంది ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక 2013దాకా జనానికి అందలేదు. టోపీ పెట్టుకున్నవాడు తప్పుకున్నాడు, ఆ టోపీతో సంబంధం లేని దూదేకులవాడు, మగ్గం నేసేవాడు పోయినాడు. గూగూడు కుళ్లాయిస్వామి పీర్లకు హిందువులూ, ముస్లిములూ కలిసి మొక్కే జిల్లా మనది. ఇక్కడ రంగు టోపీ పెడితే ఆ రంగు ఎవరిదని మొదటి రోజే అడుగుతారు.

ఇంకొక మాట. హోదాల సేన మనకు కొత్త కాదు. సీమలో ముఠాలకు బ్యాడ్జీలు లేవు, అయినా జీపులో ముందు సీట్లో ఎవరు కూర్చోవాలో అందరికీ తెలుసు. కేసు మీద వేసుకునేవాడు వేరు, బెయిలు ఇప్పించేవాడు వేరు, జైలుకు క్యారేజీ మోసేవాడు వేరు. మన పెదనాన్నలు, చిన్నాన్నలు ఎంతమంది ఆ జీపుల వెనక సీట్లో పోయి తిరిగి రాలేదు? వాళ్ల పిల్లలు ఈ హాల్లో ఉన్నారు.

తమ్ముడి కోపం తప్పని మేం అనడంలేదు. బంద్ రోజు అంగడాయన ఎందుకు తెరిచినాడో పోయి అడగాలి. మేం నలుగురం అడిగినాం కూడా. ‘రోజు వడ్డీ కట్టాలన్నా, మధ్యాహ్నం మూస్తే కుదురుతుందా’ అన్నాడు. మన కార్యక్రమం ఉదయం ఆరు నుంచి అని నిర్ణయించినప్పుడు ఆయన్ని ఎవరూ అడగలేదు. ఈసారి కూరగాయల మార్కెట్టువాళ్లను, ఆటోవాళ్లను పిలిచి టైము వాళ్లతోనే పెట్టిద్దామని మా ప్రతిపాదన. ఊరేగింపులో వాలంటీర్లు కావాలి, కాదనం. నీళ్లు మోసేవాళ్లు, అంబులెన్సుకు దారి ఇచ్చేవాళ్లు. జాబితా గోడకు అంటించి, పూటపూటకు పేర్లు మారుద్దాం. ఈరోజు దారి చూపినవాడు రేపు బిందె మోయాల.

పోయిన సమావేశం ఊపులో రెండువందల టోపీలకు గుడ్డ కొని కమలానగర్‌లో దర్జీకి ఇచ్చినాం. నిన్న పోయి అడిగితే ఇంకా కత్తెర పెట్టలేదన్నాడు. బ్యానర్లు కుట్టమని చెప్పి వచ్చినాం. ఎన్ని వస్తాయని అడిగితే పద్నాలుగు వస్తాయన్నాడు. వాటి మీద ఏం రాయాలో ఇప్పుడు మీరు చెప్పండి.