విత్తనంలో వైరస్‌ను నాటకముందే పట్టుకోవాలి
(రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



తోట ముడుచుకుపోతే మనం మొదట అనేమాట "విత్తనం మంచిది కాదు" అని. ఒక్కోసారి అది నిజం, ఒక్కోసారి కాదు. మిర్చిలో జెమిని వైరస్‌ను ముఖ్యంగా తెల్లదోమ మోస్తుంది. 2021-22లో మన తోటల్ని తినేసిన నల్ల తామరపురుగు అసలు వైరసే కాదు. కానీ పొగాకు మొజాయిక్ జాతి వైరస్‌లు మిర్చి గింజ పొట్టుకు అంటుకుని వస్తాయి, నారు పీకి నాటేటప్పుడు చేతుల ద్వారా పాకుతాయి. మినుములో ఆకుముడత వైరస్ కూడా విత్తనంతో వస్తుంది. దోమతో వచ్చిందా, గింజతో వచ్చిందా తేలితేనే నష్టానికి ఎవరిని నిలదీయాలో తేలుతుంది.

ఇప్పుడు విత్తనాన్ని ఎలీసా, పీసీఆర్ పద్ధతుల్లో పరీక్షిస్తారు. కరోనా రోజుల్లో మనకు చేసిన పీసీఆరే ఇది. చిక్కేమిటంటే సాధారణంగా గింజను నూరాలి, నూరిన గింజ మొలవదు. పైగా వెయ్యి గింజల్లో ఒక్కదానికే వైరస్ ఉందనుకోండి. వంద గింజలు నూరి చూస్తే పదింట తొమ్మిదిసార్లు అది దొరకదు. నూటికి 95 పాళ్లు నమ్మకంగా చెప్పాలంటే 3000 గింజలు చూడాలి. హైబ్రిడ్ ధరకు ఏ రైతు అన్ని గింజలు నూరుకోగలడు?

అందుకే శాస్త్రవేత్తలు మాగ్నెటిక్ రెసొనెన్స్ వైపు చూస్తున్నారు. ఆసుపత్రిలో ఎమ్మారై చేసే సూత్రమే. బలమైన అయస్కాంతంలో పెట్టి రేడియో తరంగం పంపితే, గింజలోని నీరు, నూనె బదులు పలుకుతాయి. గింజ పగలకుండా నూనె, తేమ శాతం కొలవడానికి ఇది ఇప్పటికే వాడుకలో ఉంది. అయితే వైరస్ ఎంతో చిన్నది, ఈ బొమ్మలో నేరుగా కనబడదు. వైరస్‌ను పట్టుకునే ప్రతిరక్షకాలు పూసిన అయస్కాంత నలుసులను ద్రావణంలో కలిపితే, అవి వైరస్ చుట్టూ గుమిగూడి నీటి సంకేతాన్ని మారుస్తాయి. ఈ పద్ధతిలో వైరస్‌ను పట్టవచ్చు, కానీ దానికీ గింజ రసం కావాలి. కాబట్టి రేపే యంత్రం వస్తుందని ఎవరైనా చెబితే నమ్మి డబ్బు కట్టకండి.

మరి ఈలోగా? మిర్చి విత్తనం కిలోకు 150 గ్రాముల ట్రైసోడియం ఆర్థోఫాస్ఫేట్‌ను లీటరు నీటిలో కలిపి, గింజను 20 నిమిషాలు నానబెట్టి, బాగా కడిగి నీడన ఆరబెట్టండి. పొట్టు మీది వైరస్‌కు ఇది పనిచేస్తుంది, గింజ లోపలిదానికి కాదు. కంపెనీవాళ్లు ముందే శుద్ధిచేసి రంగు పూసిన గింజైతే, చేసేముందు వ్యవసాయాధికారిని అడగండి.

బిల్లు, ఖాళీ ప్యాకెట్, లాట్ నంబరు పారేయకండి. విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. గింజంతా నాటేసిన రైతును నమూనా తెమ్మనడం న్యాయం కాదని కూడా చెప్పింది.

ఇక మన డిమాండ్. 1966 విత్తనాల చట్టం మొలక శాతాన్ని, స్వచ్ఛతను పట్టించుకుంది. ప్యాకెట్ తిప్పి చూడండి, వైరస్ పరీక్ష మాట కనబడదు. 3000 గింజల ఖర్చు లాట్ మొత్తానికి కంపెనీకి భారం కాదు. ప్రతి లాట్‌కూ అమ్మకముందే పరీక్ష జరగాలి, ఫలితం ప్యాకెట్ మీద తెలుగులో ఉండాలి. పంట పోయాక పరిహారం అడగడం కంటే నారుమడి పోయకముందే ఈ హక్కు అడుగుదాం.